బూజు నడక

పొద్దున్నే వనం గేటు తీయకముందు కాపలావాళ్ళం మేం చేసే మొదటి పనికి ఆఫీసువాళ్ళు ఏదో పెద్ద పేరు పెట్టారు. మేం మాత్రం దాన్ని బూజు నడక అంటాం. రాత్రికి రాత్రి సాలీళ్ళు కాలిబాటకి అడ్డంగా ఈ చెట్టు నుంచి ఆ చెట్టుకి గూళ్ళు అల్లేస్తాయి. వానాకాలంలో అయితే ఇక చెప్పనే అక్కర్లేదు, నాలుగడుగులకో తెర. షికారుకొచ్చిన పెద్దమనుషుల మొహాలకి అవి చుట్టుకున్నాయంటే వాళ్ళ గోల భరించలేం. అందుకని అందరికంటే ముందు మాలో ఒకరు, ఆకుల కొమ్మ ఒకటి మొహం ముందు ఆడించుకుంటూ, వాగు వెంబడి బాటంతా చుట్టి రావాలి.

ఆ ఏడు ఆ పని నాది. ఇంట్లో బూజు దులపమంటే నాకు ఎక్కడలేని నడుం నొప్పీ వచ్చేస్తుంది గానీ వనంలో అయితే హాయిగా చేసేదాన్ని. మాకిచ్చిన క్వార్టరు గేటు పక్కనే ఉంది, రెండు గదులూ ఒక వరండా. వెనక తలుపు తీస్తే అక్కడే బాట మొదలు. అది ఒడ్డునే చాలా దూరం పోయి చెక్క వంతెన దగ్గర రెండుగా చీలుతుంది. ఒకటి చుట్టు తిరిగి గేటుకి వచ్చేస్తుంది. రెండోది వంతెన దాటి, మడుగు పక్కనున్న పిట్టల గది దాకా పోయి ఆగిపోతుంది. పిట్టల గదంటే చెక్కలతో కట్టిన చిన్న కొట్టం. లోపల ఒక బల్ల, ఎదురుగా గోడలో కళ్ళకి సరిపడా సన్నటి సందు. సడి చేయకుండా కూర్చోగలిగితే కొంగలూ, లకుముకి పిట్టలూ, అదృష్టం బాగుంటే నీటికుక్కలూ కనిపిస్తాయి.

అంత ఓపిక ఉన్న మనిషి ఊరు మొత్తం మీద ఒక్కరే, పిట్టల మాస్టారు. హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. స్కూలుకి వెళ్ళేముందు రోజూ వచ్చి కాసేపు ఆ గదిలో కూర్చునేవారు. గేటు తీయకముందు ఎవర్నీ వదలకూడదని రూలు. ఆయన్ని మాత్రం వదిలేసేదాన్ని. సైకిలు మా వరండాకి ఆనించి, మెడలో బైనాక్యులర్స్ వేసుకుని నా వెనకే నడిచి వచ్చేవారు. ఆయన బాగా పొడుగు, నేనేమో అందులో సగం. నేను కొమ్మ ఎంత పైకెత్తినా ఆయన నుదుటి ఎత్తులో గూళ్ళు మిగిలిపోయేవి.

"మీరింకాస్త పొడుగు పెరగాలమ్మా," అనేవారు కళ్ళజోడు తుడుచుకుంటూ.

"మీరు కాస్త వంగితే ఇద్దరికీ సుఖం కదా మాస్టారూ," అనేదాన్ని.

అలా నడవగా నడవగానే నాకొకటి తెలిసింది. గూడు ఏ ఎత్తులో తెగిందో చూస్తే ముందు ఎవరు వెళ్ళారో చెప్పేయొచ్చు. దుప్పి తల వంచుకుని దూరిపోతుంది, కింది సగమే పోతుంది. మనిషి వెళితే మొహం ఎత్తులో చిరుగు పడుతుంది.

వానలు మొదలైన కొత్తలో ఒకరోజు మాస్టారు రాలేదు. ఎండ కాస్త పైకి వచ్చాక పేపర్లు వేసే ఆయన వచ్చి చెప్పాడు. వనానికి వచ్చే రోడ్డు మలుపులో పడి ఉన్నారట. సైకిలు పొదల్లో దొరికిందట. ఏదో బండి గుద్ది, ఆగకుండా పోయింది. అక్కడికక్కడే పోయారన్నారు. పోనీలే, బాధ తెలియకుండా పోయారని ఊరంతా అనుకున్నాం, నేనూ అనుకున్నాను. ఆయన భార్య మన పెద్దాస్పత్రిలో నర్సు, అందరూ సిస్టర్ అంటారు. ఆవిడని నేను అప్పటికి ఒక్కసారి కూడా చూడలేదు.

ఆ పూట నాకు ముద్ద దిగలేదు. మా ఆయన రోడ్డుకి అవతల షెడ్డులో మెకానిక్కు. కంచం ముందు కూర్చుంటే చాలు, షెడ్డు సంగతులన్నీ ఏకరువు పెడతాడు.

"తమ్ముడి వ్యాను లైటద్దం పగిలింది. కుక్క అడ్డొచ్చిందట. వేరేది బిగించి పంపించా," అన్నాడు.

"పాపం, కుక్కకేమైందో," అంది మా అత్తగారు.

"ఏమో, నేనడగలేదు."

నా మనసంతా మాస్టారి మీదే ఉంది. ఆ రెండు ముక్కల్నీ కలపాలని నా బుర్రకి తోచనే లేదు.

మా మరిది ఇంటింటికీ సామాన్లు చేరవేసే వ్యాను నడిపేవాడు. ఊళ్ళోనే వేరే గది తీసుకుని ఉండేవాడు. వాడు "వదినా" అని పిలిస్తే ఆ పిలుపులోనే సగం అల్లరి వినపడేది. తర్వాతి వారం సంచీతో వచ్చి, ఎక్కడో దూరాన ఓడరేవులో పని దొరికిందని చెప్పాడు. కూర్చున్నంతసేపూ గోడకేసి చూస్తూనే ఉన్నాడు.

"ఏమయ్యా, ఓడ ఎక్కకముందే కళ్ళు తిరుగుతున్నాయా?" అన్నాను.

తలెత్తలేదు. మా అత్తగారు వాణ్ణి సాగనంపడానికి గేటు దాకా వెళ్ళింది. చాలాసేపటికి గానీ తిరిగి రాలేదు. కొడుకు దూరం పోతున్నాడని బెంగపెట్టుకుందనుకున్నాం. మా ఆయనకి మాత్రం తమ్ముడు బాగుపడుతున్నాడని ఒకటే సంబరం, షెడ్డుకి వచ్చిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు.

మాస్టారు పోయాక పిట్టల గది వైపు నాకు కాళ్ళు సాగలేదు. బూజు నడక వంతెన దగ్గరే మలుపు తిప్పేసి వెనక్కి వచ్చేదాన్ని. "అటు ఇప్పుడు చీమ కూడా పోవడం లేదు," అని ఇంట్లో అన్నాను కూడా. వానలు తెరిపివ్వడం లేదు. వాగు ఎర్రగా లావెక్కి, ఎక్కడెక్కడి కొమ్మల్నో, చచ్చిన చేపల్నో లాక్కొస్తోంది. ఎప్పుడూ రాయి మీద ఎండకి కూర్చునే తాబేళ్ళు మాయమయ్యాయి. వంతెన స్తంభం మీద ఒక ఎర్ర గీత ఉంటుంది. నీళ్ళు ఆ గీతని తాకితే వంతెన గేటుకి తాళం వేసేయాలి, ఎవర్నీ అవతలికి పోనివ్వకూడదు. పొద్దునా సాయంత్రం ఆ గీత చూసి రావడం కూడా నా పనే.

అలాంటి ఒక పొద్దున కొమ్మ ఆడించుకుంటూ పోతున్నాను, కొమ్మకి ఏమీ తగలడం లేదు. ఆగి చూశాను. గూళ్ళన్నీ తెగి, రెండువైపులా కొమ్మలకి వేలాడుతున్నాయి. నాకంటే ముందు ఎవరో నడిచారు. గేటుకి వేసిన తాళం వేసినట్టే ఉంది.

వంతెన దాకా అదే వరస. వంతెన కమ్మీల మధ్య గూడు కూడా తెగి ఉంది. అవతల బాట మీద చెట్లు కలిసిపోయి గుహలా ఉంటుంది. అటు తొంగి చూశాను గానీ అడుగు వేయలేదు. ఆ వేళకి మడుగు దగ్గర నీటికోళ్ళ గొడవతో చెవులు చిల్లులు పడాలి. వాగు హోరు తప్ప ఏ కూతా లేదు.

"దుప్పులై ఉంటాయిలే," అన్నాడు మా ఆయన.

"దుప్పి అయితే కింద తెగుతుంది. ఇవి నా గడ్డం ఎత్తులో తెగాయి."

"అయితే రెండుకాళ్ళ మీద నడిచే దుప్పి అన్నమాట. పట్టుకో, ఆఫీసువాళ్ళు బహుమతి ఇస్తారు," అని నవ్వి, షెడ్డుకి పోయాడు.

మా అత్తగారు వరండాలో ఆయన చొక్కాకి గుండీ కుడుతోంది. మా ఇద్దరి మాటల్లో ఎప్పుడూ దూరిపోయే మనిషి ఆ రోజు తల వంచుకుని కుట్టుకుంటూనే ఉంది.

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. కట్టెలు కొట్టుకుపోయేవాళ్ళా అనుకుంటే ఒక్క కొమ్మా తెగలేదు. నీటికుక్కలకి ఉచ్చులు పెట్టేవాళ్ళా అనుకుంటే ఒడ్డున ఒక్క ఉచ్చూ లేదు. ఒక్కోసారి పిచ్చి ఆలోచన వచ్చేది, మాస్టారే వచ్చి వెళుతున్నారేమోనని. కానీ ఆయన నుదుటి ఎత్తులో గూళ్ళు చెక్కుచెదరకుండా ఉండేవి. ఈ నడిచే మనిషి నాకంటే పొట్టి. పైగా చేత్తో తుడుచుకోవడం కూడా లేదు, మొహంతోనే చీల్చుకుంటూ పోతున్నారు. మొహానికి బూజు చుట్టుకున్నా పట్టనంత తొందర ఎవరికి, ఎందుకు అని నాకు ఒకటే గుబులు. ఆ రోజుల్లో బాట మీద నా అడుగుల చప్పుడుకే నేను వెనక్కి తిరిగి చూసుకునేదాన్ని.

ఆదివారం వచ్చింది. వాన కాస్త ఆగడంతో పిల్లాపాపలతో జనం గేటు దగ్గర మూగారు. తాళంచెవుల గుత్తి కోసం ఇంట్లోకి పరిగెత్తాను. మా అత్తగారు వంటింటి గడప మీద కూర్చుని ఉంది. ఆవిడ తల మీద, నెరిసిన పాపిడి పక్కన, ఏదో కదిలింది.

"అత్తయ్యా, కదలకండి. తల మీద సాలీడు."

వేలితో తీశాను. దాని వెనకే మూరెడు పోగు సాగుతూ వచ్చింది. చెవి వెనక ఇంకా ఉంది, కళ్ళజోడు కాడకి కూడా ఉంది.

"పొద్దున్న వంటింట్లో బూజు దులిపానే అమ్మాయ్. నువ్వెలాగూ దులపవుగా," అంది.

నిజమే, దులపను. తలెత్తి వంటింటి మూల చూశాను. అక్కడి బూజు ఎప్పట్లాగే నల్లగా, నిండుగా ఉంది. మా అత్తగారు కూడా అటే చూసింది. బయట జనం గేటు కొడుతున్నారు, నేను తాళంచెవులు తీసుకుని వెళ్ళిపోయాను.

మా అత్తగారికి బూజు నడక అనే మాట తెలుసు. అది మేం వేళాకోళానికి పెట్టుకున్న పేరనుకుంది. బాట మీద గూళ్ళు ముందు వెళ్ళినవాళ్ళ ఆనవాలు పట్టిస్తాయని ఆ రోజు వరండాలో మా మాటలు వినేదాకా ఆవిడకి తెలియదు, విన్నాక కూడా వెళ్ళక తప్పలేదు.

మర్నాడు తెల్లవారుతుండగా వెనక తలుపు కిర్రుమని తెరుచుకోవడం, చాలాసేపటికి మళ్ళీ మూసుకోవడం పక్క మీదే పడుకుని విన్నాను. ఆవిడ వంటింట్లో గిన్నెలు సర్దుకుంటుంటే నేను లేచి బయల్దేరాను. ఆ రోజు కొమ్మ తీసుకోలేదు, దాంతో పనేముంది. వంతెన దాటుతుంటే కింద నీళ్ళు చెక్కల్ని అదరగొడుతున్నాయి. పిట్టల గది తలుపు దగ్గరకి వేసి ఉంది. తోశాను.

మాస్టారు కూర్చునే చోట మా మరిది కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసిపోయి, మా ఆయన చలికోటు తొడుక్కుని. ఆ కోటు కోసం మా ఆయన ఇల్లంతా తిరగేశాడు. పక్కన మా ఇంటి అన్నం డబ్బా ఉంది, మూత తీయలేదు.

నన్ను చూసి దిగ్గున లేచాడు, మళ్ళీ కూలబడ్డాడు.

"వదినా, నువ్వా," అన్నాడు.

"ఓడరేవు ఇదేనా?"

వాడు నవ్వలేదు. నిజం చెప్పొద్దూ, నాకు అప్పటికీ అర్థం కాలేదు. ఉద్యోగం దొరక్క సిగ్గుపడి దాక్కున్నాడేమో, ఎవరితోనైనా గొడవ పడ్డాడేమో అనుకున్నాను. వాడు గోడలో సందులోంచి మడుగు వైపు చూస్తూ, "అది కుక్క కాదు వదినా," అన్నాడు.

అంతే అన్నాడు. లైటద్దం, మలుపు, పొదల్లో సైకిలు అన్నీ కట్టకట్టుకుని వచ్చి మీద పడ్డాయి. తలుపు పట్టుకున్నాను.

"బస్సు ఎక్కడానికే వెళ్ళా," అన్నాడు. "ఎక్కలేకపోయా. వెనక్కొచ్చి అమ్మకి చెప్పా. ఇటు ఎవరూ రావడం లేదని నువ్వన్నావట కదా. అమ్మే ఇక్కడ ఉండమంది."

"ఎవరూ ఎందుకు రావడం లేదో చెప్పిందా మీ అమ్మ? ఇక్కడికి రోజూ వచ్చిన మనిషి ఆయనే. నువ్వు కూర్చున్న చోటే కూర్చునేవారు."

వాడు బల్ల మీంచి ఒక్క ఉదుటున లేచాడు. పోయి మూల గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నాకు వాణ్ణి చూస్తే జాలి వేసింది, చెంప పగలగొట్టాలనీ అనిపించింది. రెండూ చేయలేక వచ్చేశాను.

మా అత్తగారు పెరట్లో బట్టలు ఆరేస్తోంది. నా మొహం చూడగానే ఆవిడకి తెలిసిపోయింది.

"ఎన్నాళ్ళు దాస్తారు అత్తయ్యా?"

"వానలు తగ్గేదాకా. తర్వాత ఎక్కడికో పంపించేస్తా."

"మాస్టారి భార్యకి ఏం చెబుతారు?"

"నేనేం చెప్పను, నువ్వూ ఏం చెప్పవు," అంది తడిబట్ట గట్టిగా పిండుతూ. "ఆయన అక్కడికక్కడే పోయారు. వీణ్ణి తీసుకెళ్ళి అప్పగిస్తే ఆయన లేచొస్తాడంటే చెప్పు, చెయ్యిపట్టుకుని నేనే తీసుకెళతా. లేవడు కదా. వాడు నా కడుపున పుట్టాడమ్మాయ్. ఈ సంగతి పెద్దవాడి చెవిన పడిందంటే వాడు గుండె పగిలి చస్తాడు. అద్దం బిగించింది వాడే."

నేను ఇంట్లోకి వెళ్ళిపోయాను. ఆ వారమంతా ఆవిడతో మాట్లాడలేదు. మా ఆయన అన్నం తింటూ, "ఏంటి, అత్తాకోడళ్ళిద్దరూ మౌనవ్రతమా?" అని ఎగతాళి చేశాడు. నాకు ఆయన మొహం చూడటానికి భయం వేసేది. నిద్రపట్టేది కాదు. పొద్దున బాట మీదకి వెళితే గూళ్ళు తెగి ఉండేవి, ఇప్పుడు ఎవరు తెంపారో తెలుసు గనక ఇంకా ఎక్కువ భయం వేసేది. ఒక ముసలావిడ తడిసిన చెట్ల మధ్య డబ్బా పట్టుకుని, మొహానికి బూజు చుట్టుకుంటూ పోవడం కళ్ళ ముందు ఆడేది. ఎవరికి చెప్పాలి, చెబితే ఏమవుతుంది, చెప్పకపోతే నేనేమవుతాను, ఇదే రోకటిపాట.

ఆకాశం ఇంకా కిందికి దిగినట్టున్న ఒక మధ్యాహ్నం గేటు దగ్గరికి ఒకావిడ వచ్చింది. సన్నగా, నడివయసు, కళ్ళ కింద నల్లటి చారలు. మెడలో మాస్టారి బైనాక్యులర్స్ వేలాడుతున్నాయి. వాటి తోలుపట్టీ మీద కుట్లు నాకు బాగా గుర్తు.

"బూజు నడక అమ్మంటే మీరేనా?" అని అడిగింది.

తలూపాను.

"మా ఆయన మీ గురించి చెప్పేవారు. మీరు పొట్టిగా ఉంటారని, అందుకే రోజూ తన నుదుటికి సాలెగూళ్ళు అంటుకుంటాయని. నేను డ్యూటీ దిగి వచ్చేసరికి ఆయన స్కూలుకి బయల్దేరుతూ ఉండేవారు. నేనే తుడిచి పంపేదాన్ని." కాస్త నవ్వింది. "నన్నూ రమ్మనేవారు. నిద్ర చాలక ఎప్పుడూ రాలేదు. ఆయన కూర్చునే చోటు ఒకసారి చూపిస్తారా?"

నేను నోరు తెరిచేలోపే వరండాలోంచి మా అత్తగారి గొంతు వినబడింది.

"వంతెన మూసేశారమ్మా. నీళ్ళు గీత దాటాయి. ఇంకోసారి రా."

సిస్టర్ నా వైపు చూసింది. "అవునా?" అంది.

పొద్దున నేనే చూసి వచ్చాను. నీళ్ళు గీతకి జానెడు కిందున్నాయి. అవునంటే చాలు, ఎవరూ తప్పుపట్టరు. ఆవిడ తిరిగి వెళ్ళిపోతుంది, నాలుగు రోజులకి వానలు తగ్గుతాయి, వాడు వెళ్ళిపోతాడు, మా ఇల్లు మా ఇల్లులాగే ఉంటుంది. ఆవిడ గేటు ఊచ పట్టుకుని నిలబడి ఉంది. చేతి వేళ్ళు ఆస్పత్రి మందు నీళ్ళకి తెల్లగా పొట్టు లేచి ఉన్నాయి.

"ఇంకా దాటలేదు," అన్నాను. "రండి."

మా అత్తగారు కూర్చున్న చోటు నుంచి లేవలేదు, మమ్మల్ని పిలవనూ లేదు.

దారి పొడుగునా సిస్టర్ అదేం చెట్టు, ఇదేం చెట్టు అని అడుగుతూనే ఉంది. నాకు తెలిసినవి చెప్పాను, తెలియనివాటికి ఏదో ఒక పేరు పెట్టాను. చెప్పేయాలని మూడు నాలుగుసార్లు నోటి చివరిదాకా వచ్చింది. ఏమని మొదలుపెట్టాలి? వంతెన మీద ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. నీళ్ళు పొద్దుటికంటే బాగా పైకి వచ్చాయి, కింద ఏదో పెద్ద దుంగ స్తంభానికి కొట్టుకుని వంతెనంతా ఊగింది.

"లోపల ఒకరున్నారు," అన్నాను పిట్టల గది దగ్గరికి వచ్చాక. అంతకంటే నాకు చేతకాలేదు.

"అయితే ఆయనలాంటివాళ్ళు ఇంకా ఉన్నారన్నమాట," అంది సిస్టర్, ఆ మాట ఆవిడకి ఎంతో బాగున్నట్టు.

వాడు నేల మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఆ రోజు నేను చెప్పాక మళ్ళీ బల్ల ఎక్కలేదేమో. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. సిస్టర్ వాడికి తలూపి, పోయి బల్ల మీద కూర్చుంది. చెక్కని అరచేత్తో ఒకసారి నిమిరింది. బైనాక్యులర్స్ కళ్ళకి పెట్టుకుని సందులోంచి చూసింది. మడుగంతా ఎర్రటి నీళ్ళు సుడి తిరుగుతున్నాయి, ఒక్క పిట్టా లేదు.

"మీరూ కూర్చోండి, చోటుంది," అంది వాడితో. "మా ఆయన మీకు తెలిసే ఉంటారు. పొడుగ్గా ఉండేవారు, కళ్ళజోడు."

"తెలుసండీ," అన్నాడు వాడు.

"చివరిసారి ఎప్పుడు చూశారు?"

వాడు నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. అయ్యో, వద్దురా అనాలని ఉంది, చెప్పరా అనాలనీ ఉంది.

"రోడ్డు మీద," అన్నాడు. "మలుపు దగ్గర. ఆయన పడినప్పుడు."

సిస్టర్ బైనాక్యులర్స్ కళ్ళ మీంచి దించింది. పైట కొంగుతో వాటి అద్దాలు మెల్లగా తుడిచింది. తర్వాత అడిగిన గొంతు వేరు. మంచం పక్కన నిలబడి రోగిని అడిగినట్టు, తొందర లేకుండా అడిగింది.

"బండి నీదేనా?"

వాడు తలూపాడు.

"ఆగావా?"

"ఆగా. దిగా. దగ్గరికి వెళ్ళా."

"మాట్లాడారా ఆయన?"

అక్కడికక్కడే పోయారు కదా అని నా లోపల ఎవరో అంటూనే ఉన్నారు.

"నీళ్ళడిగారు," అన్నాడు.

వాగు హోరు గదిలో నిండిపోయింది. ఆవిడ, "ఇచ్చావా?" అంది.

"వ్యానులో సీసా ఉంది. తేవడానికే వెళ్ళా. సీసా చేతిలోకి తీసుకున్నా కూడా. ఎక్కి కూర్చున్నాక..." వాడు నేలకేసి చూశాడు. "అలాగే వెళ్ళిపోయా."

"నేను డ్యూటీలోనే ఉన్నాను," అంది సిస్టర్. "ఆ మలుపు తిరిగితే మా ఆస్పత్రి గేటు. ఎవరైనా గట్టిగా అరిచి ఉంటే నాకు వినపడేది." బైనాక్యులర్స్ ఒళ్ళో పెట్టుకుంది. "రక్తం పోతుంటే అందరూ నీళ్ళే అడుగుతారు. ఇవ్వకపోతేనే మంచిది. నా దగ్గరికి తీసుకొస్తే సరిపోయేది."

ఏడవలేదు ఆవిడ. ఏడ్చినా బాగుండేది. వాడే నేల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆవిడ వాడి ఏడుపు అయ్యేదాకా కూర్చుని, లేచి, "పద, స్టేషనుకి వెళదాం," అంది. వాడు వెంటనే లేచాడు. ఎన్నాళ్ళుగానో ఎవరో ఒకరు ఆ మాట అనాలని ఎదురుచూస్తున్న మనిషిలా ఉన్నాడు.

ముగ్గురం వంతెన దాటాక నేను వెనక్కి తిరిగి చూశాను. నీళ్ళు గీతని తాకుతున్నాయి. గేటు వేసి తాళం పెట్టాను.

మా అత్తగారు వెనక తలుపు దగ్గర నిలబడి ఉంది. ముందు కొడుకుని చూసింది, తర్వాత సిస్టర్‌ని చూసింది. నన్ను చూడలేదు. వాడు తల్లి ముందు ఆగాడు.

"నీకొకటి చెప్పలేదమ్మా," అన్నాడు. "అప్పటికి బతికే ఉన్నాడు. నీళ్ళడిగాడు. నేనివ్వలేదు."

ఆవిడ చెయ్యి గాలిలో వాడి భుజం దాకా వెళ్ళి, తాకకుండా ఆగిపోయింది. వాడు కాసేపు ఆ చెయ్యి వైపు చూసి, సిస్టర్ వెనక నడిచి వెళ్ళిపోయాడు.

షెడ్డులోంచి మా ఆయన చూశాడు. నూనె చేతులతోనే రోడ్డు మీదకి పరిగెత్తుకొచ్చి, "ఒరేయ్, ఎప్పుడొచ్చావురా? చెప్పనైనా చెప్పలేదే," అని మొహమంతా నవ్వుతో అరిచాడు. వాడు ఆగలేదు. మా ఆయన ఆ నవ్వుతోనే నా వైపు తిరిగాడు. ఆ నవ్వు మెల్లమెల్లగా పోవడం నేను చూశాను. అలాంటిది మళ్ళీ చూడాలని లేదు.

ఆ వానాకాలం అలా వెళ్ళింది. వాడికి శిక్ష పడింది. మా ఆయన నెలకోసారి వెళ్ళి చూసి వస్తాడు. లైటద్దాల పని వస్తే ముట్టుకోడు, పక్క షెడ్డుకి పంపించేస్తాడు. "నాకు ముందే చెప్పాల్సింది నువ్వు," అని నన్ను ఒక్కసారే అన్నాడు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు గానీ కంచం ముందు కూర్చుని కబుర్లు చెప్పడం మానేశాడు.

మా అత్తగారు మాతోనే ఉంది. వండుతుంది, వడ్డిస్తుంది, నా బద్ధకాన్ని చూసి సణుగుతుంది. ఒక్క మంచినీళ్ళు మాత్రం నేను గ్లాసుతో తెచ్చిస్తే తీసుకోదు. మోకాళ్ళు పట్టుకుని లేచి, కుండ దగ్గరికి నడిచి వెళ్ళి తనే ముంచుకుంటుంది. మొదట్లో అది నా మీద కోపమే అనుకున్నాను. కోపం ఉండటంలో తప్పేముంది అనుకుని ఊరుకున్నాను. తర్వాత చూస్తే కొడుకు ఇచ్చినా తీసుకోదు, పక్కింటివాళ్ళు ఇచ్చినా తీసుకోదు.

మొన్న జ్వరం తగిలింది ఆవిడకి. లేవలేక పడుకుని ఉంది, పెదాలు ఎండి చిట్లిపోయాయి. కళ్ళు కుండ వైపే ఉన్నాయి. నేను తల కింద చెయ్యి పెట్టి లేపి, గ్లాసు నోటి దగ్గర పెట్టాను. మొహం గోడ వైపు తిప్పేసుకుంది.

"ఒక్క గుక్క తాగండి అత్తయ్యా," అన్నాను.

"నేనడగలేదుగా అమ్మాయ్," అంది.